వ్రాతలో లేని అమరిక



సర్వర్ల అమరిక యంత్రానికి సంబంధించిన పని అనీ, భాష చదువుకొన్నవారికి అందులో జోక్యం తగదనీ ఒక యువ ఇంజనీరు ఇటీవల నాతో సెలవిచ్చినారు. పండితుడు పద్యాల జోలికి పోవలెనే గాని క్లస్టర్ల జోలికి రారాదట! ఆ మాటను నేను అంగీకరించను. కంటైనర్ల క్లస్టరును నడుపువాడు చేసే పనిలో ముప్పాతిక వంతు వ్రాత పని. మిగిలినది వ్రాసినదానిని సరిచూచే పని. ఈ సంగతి మరచి, తోచిన ఆజ్ఞను తెరమీద కొట్టి, అది ఫలించినదని చూచుకొని, ఎక్కడా ఒక్క పంక్తి వ్రాసిపెట్టకుండ లేచిపోయే అలవాటు ఈ వృత్తిలో ఉన్నది. దానిని నైపుణ్యమని మెచ్చుకొనేవారూ ఉన్నారు. నేను దురాచారమంటాను.

ఈ రంగంతో పరిచయం లేని మిత్రుల కొరకు రెండు మాటలు. ఒక సాఫ్ట్‌వేరును, అది నడచుటకు కావలసిన సరంజామాతో సహా మూటగట్టినచో అది కంటైనరు. అట్టి మూటలను అనేక సర్వర్లపై పంచి, ఒకచోట పడిపోయినదానిని మరొకచోట లేపి, లెక్క తప్పకుండ చూచే వ్యవస్థ కుబర్నెటీస్. గూగుల్ వారు 2014లో దీనిని లోకానికి వెల్లడించినారు. 2015 జూలైలో 1.0 సంచిక వెలువడినది. పేరు గ్రీకు పదం. చుక్కాని పట్టువాడని అర్థం; మన కర్ణధారుడే. ఇందులో చేరిన ఒక్కొక్క సర్వరును నోడ్ అంటారు.

ఈ కర్ణధారుని స్వభావం గమనింపదగినది. అతనికి "ఇది చేయుము, అది చేయుము" అను విధివాక్యాల కంటె "ఇట్లుండవలె" అను వాక్యం ప్రీతి. ఈ సేవకు మూడు ప్రతులు నడుస్తూ ఉండవలెనని మీరు వ్రాసి ఇచ్చినచో, ఆ వాక్యాన్ని ఎట్‌సీడీ అను భాండాగారంలో దాచుకొని, జరుగుతున్నదానిని దానితో అనుక్షణం పోల్చుకొంటూ, తేడా కనబడినప్పుడెల్ల సరిదిద్దుతాడు. అనగా ఇక్కడ ప్రమాణం వ్రాత. తాళపత్ర ప్రతులతో కాలం గడిపినవారికి ఇంతకంటె సహజమైన ఏర్పాటు వేరొకటి తోచదు.

అయితే ఆ క్లస్టరు నిలిచి ఉన్న నేల, అనగా సర్వర్ల సొంత అమరిక, ఈ కర్ణధారుని కాపలాలో లేదు. మనిషి చేతిలో ఉన్నది. స్వాప్ సంగతి తీసుకొందాం. మెమరీ చాలనప్పుడు డిస్కులో కొంత భాగాన్ని మెమరీగా వాడుకొనుట స్వాప్. ప్రతి నోడ్ మీద ఉండే కుబెలెట్ అను పరిచారకుడు, స్వాప్ నడుస్తున్నచో, ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప, లేవనే లేవడు. స్వాప్‌ను ఆపుటకు ఒక్క ఆజ్ఞ చాలు. కాని ఆ ఆజ్ఞ సర్వరు మేలుకొని ఉన్నంతవరకే చెల్లుతుంది. మరల లేచినప్పుడు ఎఫ్‌స్టాబ్ అను దస్త్రంలో ఏమి వ్రాసి ఉన్నదో అదే జరుగుతుంది. ఐపీ ఫార్వర్డింగ్ మొదలైన కెర్నెల్ అమరికలదీ ఇదే తీరు. ఆజ్ఞ నీటి మీది గీత. దస్త్రంలోని పంక్తి రాతి మీది గీత.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పుట లేదు. పాత తెలుగు పుస్తకాల పాఠాలను యూనికోడులోనికి ఎక్కించే ఒక మిత్రబృందంలో నేనూ ఒకడను. మా పాఠాలు మూడు సర్వర్ల చిన్న క్లస్టరు మీద ఉండేవి. అమర్చినవారు సమర్థులే; అమర్చి, ఉద్యోగరీత్యా వేరే దేశం వెళ్ళినారు. ఏడు నెలలు ఏ లోటూ లేకుండ నడచినది. ఒక వేసవి రాత్రి కరెంటు పోయి వచ్చినది. మూడింటిలో రెండు లేవలేదు. కారణం: ఒక్క సర్వరులో మాత్రం ఎఫ్‌స్టాబ్ దిద్దినారు, తక్కిన రెండింట ఆజ్ఞతో సరిపెట్టినారు. ఎట్‌సీడీలో మూడు సభ్యులున్నచో కనీసం ఇద్దరు పలుకవలె. ఒక్కరి మాట చెల్లదు. కనుక లేచిన సర్వరు లేచియు లేవనట్లే ఉన్నది. పదేండ్ల కృషి డిస్కులలో పదిలంగా ఉన్నది గాని ఒక్క చదువరికి ఒక్క పద్యం అందలేదు, నాలుగు రోజులపాటు. తరువాత ఒక సర్వరును తీసివేసి మరల చేర్చవలసి వచ్చినది. చేర్చిన తరువాత పుస్తకాల పుటల చిత్రాలను అందించే సేవ "పెండింగ్" అని మొండికేసినది. ఆ సర్వరులో పెద్ద డిస్కు ఉన్నదని తెలిపే లేబుల్ ఒకటి ఆయన ఎప్పుడో చేతితో తగిలించినారట. సర్వరును తీసివేయగానే ఆ లేబుల్ కూడా పోయినది. అది ఉండేదని చెప్పే కాగితం గాని, దస్త్రం గాని ఎక్కడా లేదు.

చిన్నవారి కథ కదా, పెద్ద సంస్థలలో ఇట్లు జరుగదని అంటారేమో. 2023 మార్చి 14న రెడిట్ 314 నిమిషాలపాటు మూతపడినది. ఏమి జరిగినదో ఆ సంస్థ ఇంజనీర్లే దాపరికం లేకుండ వ్రాసినారు. వారి నిజాయితీకి నా నమస్కారం. వారు ఒక క్లస్టరును 1.23 సంచిక నుండి 1.24కు మార్చినారు. అందులో ఏ నోడ్‌కు దారి ఎటు అని తక్కినవాటికి చెప్పే మధ్యవర్తులు కొన్ని ఉండేవి. ఏ నోడ్లు మధ్యవర్తులో తెలిపే అమరిక "మాస్టర్" అను లేబుల్‌ను చూచి నిర్ణయించేది. కుబర్నెటీస్ పెద్దలు ఆ మాటను విడిచి "కంట్రోల్ ప్లేన్" అను మాటను స్వీకరించినారు. 1.20 నుండి రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నవి, 1.24లో పాత మాటను తీసివేసినారు. అంతే. ఆ పేరుగల నోడ్ ఒక్కటీ లేదు, మధ్యవర్తులు లేరు, దారులు లేవు. వెనుకటి సంచికకు దిగే మెట్లు ఈ వ్యవస్థలో లేవు గనుక దాచి ఉంచిన ప్రతి నుండి పునరుద్ధరించవలసి వచ్చినది.

ఒక పర్యాయపదం! నిఘంటువులో పక్కపక్కన కూర్చునే రెండు మాటలలో ఒకటి పోయినందుకు అంత సంస్థ ఆగినది. దీనికి భాషతో సంబంధం లేదని చెప్పువారు ఈ ఉదంతాన్ని మరొకసారి చదువగలరు. లేబుల్ మార్పును ముందుగానే ప్రకటించినారు. అది రహస్యం కాదు. ఆ లేబుల్ మీద ఆధారపడిన అమరిక ఒకటి తమ ఇంట ఉన్నదన్న సంగతియే రహస్యం. దానిని ఏండ్ల క్రితం చేతితో దిద్ది ఎక్కించినారు, దస్త్రాలలో ఎక్కడా నిలుపలేదు. తెలిసినవారు ఒక్కొక్కరే వేరే పనులకు, వేరే సంస్థలకు వెళ్ళిపోయినారు.

"రెండు నిమిషాల పనికి ఇంత తంతు ఎందుకు" అను వాదానికి నేను ఎక్కువ సమాధానం చెప్పను. రెండు నిమిషాలలో చేసినదానిని వ్రాయుటకు మరి రెండు నిమిషాలు పడుతుంది. అర్ధరాత్రి ఆపద వచ్చినప్పుడు చేతితో దిద్దక తప్పదంటారు. నిజమే, దిద్దండి, తెల్లవారిన తరువాత వ్రాయండి. కుబె‌ఆడ్మ్‌తో నెలకొల్పిన క్లస్టరులో సర్వర్ల ధ్రువపత్రాలలో చాలావాటి ఆయుర్దాయం ఒక్క సంవత్సరం. సంచికను మార్చినప్పుడు అవి తామే కొత్తవవుతవి. మార్చకుండ వదలినచో గడువు నాడు చడీచప్పుడు లేకుండ చెల్లకుండ పోతవి. అమరికను వ్రాసిపెట్టనివాడు ఆ తేదీని మాత్రం వ్రాసిపెడతాడా?

ఇంతకంటె గట్టివాదం వేరొకటి ఉన్నది. "మేము సర్వమూ గిట్‌లో ఉంచుతున్నాము, మార్పు ప్రతిదీ అందులో నమోదవుతుంది, ఇక మీ గొడవ ఏమి" అంటారు. చాల మంచి పని. కాని వారి దస్త్రాలు తెరచి చూచినచో "ఏమి" ఉన్నది, "ఎందుకు" లేదు. మెమరీ హద్దు ఇంత అని ఉన్నది, ఎందుకింత? ఈ సేవ ఈ నోడ్ మీదనే ఉండవలెనని ఉన్నది, ఎందుచేత? మార్పు పక్కన "ఫిక్స్" అని ఒక్క మాట. కడపలో సి.పి. బ్రౌను పండితులను నియమించి ఒకే కావ్యపు ప్రతులను పలుచోట్ల నుండి తెప్పించి సరిచూపించినాడు. ఆ పని చేసినవారికి పద్యం ఎక్కడ మారినదో తెలియుట సులభం. లేఖకుడు తెలిసి మార్చినాడా, చేయి జారినదా అన్నది తేల్చుట కష్టం. లేఖకుడు అంచున ఒక్క మాట వ్రాసి ఉన్నచో ఎందరి శ్రమ తప్పేదో!

అంచున వ్రాయుటకు యామల్ దస్త్రంలో చోటు ఉన్నది. పంక్తి ముందు ఒక గుర్తు ఉంచి ఏమైనను వ్రాయవచ్చును, తెలుగులోనూ వ్రాయవచ్చును. లేబుళ్ళలో ఆ స్వేచ్ఛ లేదు: రోమన్ అక్షరాలు, అంకెలు, గీత, కింది గీత, చుక్క తప్ప మరేదీ చెల్లదు, 63 అక్షరాలకు మించరాదు. అంచుమాటకు అట్టి ఆంక్ష లేదు. ఒక చిక్కు మాత్రం గమనించండి. దస్త్రాన్ని క్లస్టరుకు అప్పగించినప్పుడు అంచుమాటలు భాండాగారానికి చేరవు, దారిలోనే రాలిపోతవి. కనుక "దస్త్రం పోతే పోనీ, క్లస్టరులో ఉన్నది కదా, అక్కడి నుండి తీసుకొని దిద్దుకొంటాం" అనువారు "ఎందుకు" అన్నదానిని శాశ్వతంగా పారవేసినవారే.

ఇప్పుడు మా మూడు సర్వర్ల అమరికలో, ఎఫ్‌స్టాబ్ మొదలు లేబుళ్ళ దాకా, ప్రతిదీ దస్త్రాలలో ఉన్నది. ప్రతి పంక్తి మీద తెలుగులో కారణం ఉన్నది. ఉదాహరణకు ఒకటి: "ఈ సర్వరులో మాత్రమే పెద్ద డిస్కు ఉన్నది. పుటల చిత్రాలు ఇక్కడనే ఉండవలె. లేబుల్ తీసివేయరాదు." దీనిని చూచి నవ్విన యువకులున్నారు. హైదరాబాదులో పగలంతా తెలుగులో మాట్లాడుకొంటూ క్లస్టర్లు నడిపేవారు, కారణం వ్రాయవలసి వచ్చేసరికి ఇంగ్లీషు రాదని ఏమీ వ్రాయకుండ వదలుట నవ్వదగినది కాదేమో గాని, తెలుగులో వ్రాయుట నవ్వదగినదట!

వ్రాసినదానికి, నడుస్తున్నదానికి మధ్య తెలియకుండ పెరిగే ఎడాన్ని ఈ వృత్తివారు డ్రిఫ్ట్ అంటారు. మా దస్త్రాలలో నేను "పాఠభేదం" అని వ్రాస్తున్నాను. ప్రతికీ ప్రతికీ మధ్య తేడాను చెప్పే మాటను ప్రతికీ నడకకూ మధ్య తేడాకు వాడుట కొంత సాగదీయుటే. ఇంతకంటె తగిన మాట ఎవరికైనను తోచినచో వ్యాఖ్యలో తెలుపగోరెదను.