ఆర్కిడ్‌కి నల్లరేగడి పనికిరాదు

పత్తికీ, మిరపకీ సిరులు కురిపించే మన నల్లరేగడి ఆర్కిడ్‌కి మాత్రం గిట్టదు. నాకిది మొక్క పోయాకగానీ తెలియలేదు. మా అమ్మాయి ముచ్చటపడి కొనిచ్చిన డెండ్రోబియంని రేగడిమట్టి, చివికిన పేడ ఎరువు కలిపి కుండీలో పెట్టాను. రోజూ నీళ్ళు పోశాను. రెండు నెలలు తిరక్కుండానే వేళ్ళు కుళ్ళి చచ్చిపోయింది.

మనం ఇళ్ళల్లో పెంచే ఆర్కిడ్లు చాలావరకు అడవిలో చెట్ల కొమ్మల్ని పట్టుకుని పెరిగేవి. అలాగని చెట్టు రసం పీల్చవు, వేళ్ళు గాలిలోనే ఉంటాయి. మన తూర్పు కనుమల్లో ఉండే వాండా కూడా అంతే. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర 1795లో అచ్చయిన కోరమాండల్ మొక్కల పుస్తకంలో దీన్ని వర్ణించాడు.

అందుకని కుండీలో మట్టి వద్దు. కట్టెబొగ్గులు రెండు పాళ్ళు, పెంకు ముక్కలు ఒక పాలు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక పాలు తీసుకోండి. అన్నీ ఉసిరికాయంత ఉంటే చాలు. డొక్కల్ని మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మారిస్తే ఉప్పు, వగరు దిగిపోతాయి. కుండీకి పక్కల కూడా చిల్లులుండాలి.

నీళ్ళు ఎప్పుడు పోయాలో వేళ్ళే చెబుతాయి. తెల్లగా వెండిలా ఉంటే పోయాలి, పచ్చగా ఉంటే ఆగాలి. బోరునీళ్ళు ఉప్పగా ఉంటే వేళ్ళమీద తెల్లటి పొర కడుతుంది. వాననీళ్ళు పట్టి దాచుకోండి.

తూర్పు కిటికీ మంచిది. డెండ్రోబియంకి వెలుగెక్కువ కావాలి, ఫెలనాప్సిస్‌కి నీడ ఎక్కువుండాలి. రోహిణీ కార్తెలో వడగాలి తగలకుండా లోపలికి జరపండి. పళ్ళెంలో గులకరాళ్ళు, నీళ్ళు పోసి, కుండీ అడుగు నీళ్ళకి అంటకుండా పైన పెడితే చుట్టూ కాస్త తేమ ఉంటుంది.

చేలో వాడే 19:19:19 ఎరువు ఇంట్లో ఉంటే లీటరు నీళ్ళకి ఒక గ్రాము కలిపి పదిహేను రోజులకోసారి చల్లండి. పురుగుమందు కొట్టిన స్ప్రేయరు మాత్రం ఇంట్లోకి తేవద్దు.

పూలు రాలాక డెండ్రోబియం పాత కాడల్ని కోసేయకండి, మొక్క తిండి అందులోనే దాచుకుంటుంది. నా రెండో మొక్క అలాగే మళ్ళీ పూసింది. అమ్మాయి వచ్చినప్పుడు ముందు దాన్నే చూపించాను.