మా పక్షులకు సైబీరియా పేరెందుకు?

ఏటా చలి మొదలయ్యే వేళకు తేలినీలాపురం వార్తల్లోకి వస్తుంది. శీర్షిక మాత్రం మారదు: సైబీరియా నుంచి వచ్చిన అతిథులు! చదివినప్పుడల్లా నా కడుపు రగిలిపోతుంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి ముఖ్యంగా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి ఎక్కడా గుడ్లు పెట్టదు. నెల్లూరు వైపు నేలపట్టులో పిల్లల్ని లేపేదీ ఇదే పక్షి. సైబీరియా మంచు దాని తాతముత్తాతలు కూడా చూసి ఉండరు. నీళ్లూ చేపలూ ఉన్నచోటు వెతుక్కుంటూ మన నేల మీదే తిరిగే జీవి అది. దానికి పరదేశి పేరు తగిలిస్తే తప్ప చూడ్డానికి ఎవరూ రారా?

ఊరివాళ్లకు ఆ అబద్ధం అక్కర్లేదు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు వాటిని. రాక ఆలస్యమైతే ఆ ఏడు పంట ఏమవుతుందోనని దిగులుపడతారు. చెట్టు కింద రెట్ట, జారిపడ్డ చేపల కంపు, రాత్రంతా గూళ్లలో పిల్లల గోల, అన్నీ ఓర్చుకుంటారు. గాలికి పిల్ల కింద పడితే కుక్కల నోట పడకుండా ఎత్తి కాపాడతారు. కన్నకూతురు ఇంట్లో ఉన్నప్పుడు తల్లి లెక్కలు చూసుకుంటుందా? అలాంటి మనుషులను, ఆ మమకారాన్ని వదిలేసి, వార్త రాసేవాళ్లు సైబీరియాను పట్టుకున్నారు.

ఈ పక్షుల ఆకలి తీర్చేది చెట్టు కాదు, చుట్టూ ఉన్న నౌపడ చిత్తడి. మా వైపు తంపర అంటాం. వాన నీరు నిలిచి, సముద్రపు పోటు కలిసి, చేపకూ రొయ్యకూ తావైన నేల. పక్కనే ఉప్పుమళ్లు. బురదగా కనిపించే ఈ నేలే వందల కుటుంబాలకు కూడు. కాగితాల మీద మాత్రం అది పనికిరాని భూమి! సోంపేట దగ్గరి చిత్తడిని, అక్కడివాళ్లు బీల అనే దాన్ని, కూడా అలాగే చూశారు. అక్కడ విద్యుత్తు కర్మాగారం వద్దన్నందుకు 2010 జులై 14న పోలీసుల తుపాకులు పేలాయి. ఇటు తంపరలో కాకరాపల్లి దగ్గర 2011 ఫిబ్రవరిలోనూ అదే జరిగింది. నీళ్లున్న చోటు ఖాళీ జాగా కాదని చెప్పడానికి మా మనుషులు ప్రాణాలు ఇవ్వాల్సి వచ్చింది. పక్షుల చావులకూ విలువ లేదు. 2021 చివర తేలినీలాపురంలో గూడబాతులు పదులకొద్దీ చచ్చి పడ్డాయి. కడుపులో పురుగులే కారణమన్నారు. రెండు రోజులు వార్తయింది. తరవాత ఎవరు అడిగారు?

పక్షులనే కాదు, ఈ జిల్లాను మొత్తంగానే అలా చూశారు. హౌరా లైన్లో పూరీకి వెళ్లే భక్తులు తిలారు స్టేషన్ దాటిపోతారు. జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడి వంశం అంతకుముందు ఏలిన కళింగనగరం, ఆ పట్టాలకు దగ్గర్లోనే, వంశధార ఒడ్డున ముఖలింగంగా ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. మధుకేశ్వరాలయం గోడల మీది శిల్పం చూశాక కూడా దాన్ని జిల్లా హద్దుల్లోని చిన్న గుడిగా లెక్కేయడం అన్యాయం.

అదే నది సముద్రంలో కలిసే ముందు శాలిహుండం కొండ. స్తూపాలు, చైత్యాలు, తార, మారీచి విగ్రహాలు. ఆ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గుర్తించినవారు గిడుగు రామమూర్తి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి. కొండల్లోని సవరల మాటను ఎవరూ భాషగా కూడా లెక్కచేయని రోజుల్లో ఆయన దాన్ని నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువు కూర్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరున తెలుగు భాషా దినం జరుపుకుంటాం. ఆయన ఎక్కడ నిలబడి చూశారో ఆ కొండ వైపు మాత్రం మళ్లం.

పొందూరులో ఆడవాళ్లు ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. ఆ పళ్ల సన్నదనం వల్లే ఆ నూలుకు అంత నునుపు. రొమ్మున తప్పెట కట్టుకుని గంతులేసే తప్పెటగుళ్ల బృందాలు ఈనాటికీ ఊళ్లలో ఉన్నాయి. వేదిక మీద వాళ్లకు పట్టుమని పది నిమిషాలు ఇస్తారు, అదీ మంత్రిగారు వచ్చేలోగా. జిల్లాలోని ఉద్దానానికి ఆ పేరు ఉద్యానవనం అన్న మాట నుంచే వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస నిండిన ఆ నేల పేరు బయటివాళ్లకు ఇప్పుడు కిడ్నీ జబ్బుతోనే తెలుసు. ఆ బాధ నిజం, దాని గురించి ఎంత రాసినా తక్కువే. కానీ ఒక నేలను దాని రోగంతోనే గుర్తుపెట్టుకుంటే ఆ నేల పిల్లలు తలెత్తి ఊరి పేరు ఎలా చెప్తారు?

అడిగేది పెద్దదేమీ కాదు. తంపరను, బీలను కాగితాల మీద నీటి నేలలుగా రాయండి. గూళ్లున్న చింతచెట్ల యజమానికి ఆ ఏటి నష్టం కట్టివ్వండి. బడిపిల్లలను ఒక్కరోజు ముఖలింగానికీ శాలిహుండానికీ బస్సెక్కించండి. అన్నిటికన్నా ముందు, తేలినీలాపురం గురించి రాసేటప్పుడు ‘విదేశీ’ అనే మాట తీసేయండి. ఈ ఏడు కూడా వచ్చాయి మా ఆడపిల్లలు. చింతకొమ్మల మీద పుల్లలు పేర్చుకుంటున్నాయి.