ద్రాక్షలో మిరియాల ఘాటు!

ద్రాక్షపండంటే తియ్యగా ఉంటుంది, లేదంటే పుల్లగా ఉంటుంది. మరి ఆ పండు రసంతో చేసిన వైన్‌లో మిరియాల పొడి చల్లినట్టు ఘాటైన వాసన వస్తే? ఎవరో కలిపారనే అనుకుంటాం. ఫ్రాన్స్‌లోని ఉత్తర రోన్ ప్రాంతంలో సిరా అనే నల్లద్రాక్షతో చేసే ఎర్ర వైన్ సరిగ్గా అలాగే ఉంటుంది. తీపి దాదాపు కనిపించదు. మిరియాలు, నల్ల ఆలివ్ కాయలు, పొగబెట్టిన మాంసం... ఇలా వంటింటి వాసనలే దాని ప్రత్యేకత. అయినా అందులో మసాలా ఏదీ కలపరు. వైన్ గడప తొక్కని ఇళ్లలోనూ చెప్పుకోదగ్గ కథ ఇది. ఎందుకంటే ఇందులో మన చేలల్లో మొలిచే ఓ కలుపుమొక్కకీ పాత్ర ఉంది!

ఇదే ద్రాక్షను ఆస్ట్రేలియాలోనూ, మన నాసిక్ తోటల్లోనూ షిరాజ్ అంటారు. ఆ పేరుని బట్టి ఇరాన్‌లోని షిరాజ్ నగరమే దీని పుట్టిల్లని చాలాకాలం నమ్మారు. 13వ శతాబ్దంలో యుద్ధాలతో విసిగిపోయిన ఓ యోధుడు రోన్ నది ఒడ్డునున్న కొండమీద కుటీరం కట్టుకుని ఈ తీగ నాటాడని మరో కథ. ఆ కొండ పేరు ఎర్మిటాజ్... అంటే ముని కుటీరం. కథలు బాగానే ఉన్నాయి కానీ 1990ల చివర్లో అమెరికా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలు చేసి అసలు గుట్టు విప్పారు. మొండ్యూజ్ బ్లాంష్ అనే తెల్లద్రాక్షకీ ద్యురెజా అనే నల్లద్రాక్షకీ పుట్టిన బిడ్డే సిరా. ఆ రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్‌వే!

వియెన్ పట్నం నుంచి దక్షిణాన వాలాన్స్ దాకా రోన్ నది వెంబడి ఉన్న గట్టి రాతి కొండలే సిరాకి నెలవు. వాటిలో ఒకదాని పేరు కోట్ రోటీ. రోటీ అంటే మన రొట్టె కాదు, వేగిందని అర్థం. ఎండకి వేగిన కొండవాలన్నమాట. కొన్నిచోట్ల వాలు చాలా నిటారుగా ఉంటుంది. ట్రాక్టర్ ఎక్కదు. సున్నం, సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి గోడలు కట్టి, మెట్లుమెట్లుగా మడులు చేసి, ఒక్కో తీగకీ కర్రలు పాతి సాకుతారు. వానకి గోడ కూలితే మళ్లీ చేత్తో పేర్చాల్సిందే.

ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? 19వ శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే పేనుబంక లాంటి పురుగు వేళ్లను తినేసింది. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం ఊళ్లలోని కుర్రాళ్లను మింగేసింది. మిగిలినవాళ్లు కొండ దిగి, చదునునేలలో ఆప్రికాట్ పళ్లూ కూరగాయలూ పండించుకున్నారు. ఒక దశలో కోట్ రోటీలో మిగిలిన తోట సుమారు 70 హెక్టార్లే! 1946లో మొదలైన గిగాల్ కుటుంబ సంస్థ లాంటివి పట్టువదలకుండా పనిచేయడం, 1980లలో ఆ వైన్లకు విదేశాల్లో పేరు రావడంతో జనం మళ్లీ కొండెక్కారు. ఇప్పుడక్కడ తోటలు 300 హెక్టార్లు దాటాయి.

ఇక మిరియాల వాసన సంగతి. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దాని కారణాన్ని ప్రకటించారు. పేరు రోటండోన్. మిరియాలు నమిలితే నాలుక చుర్రుమనడానికి పైపరిన్ కారణమైతే, ముక్కుకి తగిలే ఆ ఘాటు రోటండోన్‌ది. సిరా ద్రాక్ష తొక్కలో ఉండేదీ అదే! గ్రామును వంద కోట్ల భాగాలు చేసి, అందులో 16 భాగాలు లీటరు ఎర్ర వైన్‌లో ఉంటే చాలు, ముక్కు పసిగట్టేస్తుంది. అయితే ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరికి ఈ వాసన అసలు తెలియదట. ఇంతకీ ఆ పేరెలా వచ్చిందో తెలుసా? సైపరస్ రోటండస్ అనే మొక్క దుంపలో దీన్ని ముందుగా కనుగొన్నారు కాబట్టి. అది మరేదో కాదు, మన రైతుల్ని విసిగించే తుంగ. ఆ దుంపల్నే ఆయుర్వేద దుకాణాల్లో తుంగముస్తలంటారు.

ఈ రోటండోన్‌కి చల్లదనమంటే ఇష్టం. చల్లటి చోట్ల పండిన ద్రాక్షలో, అందులోనూ నీడపట్టున ఉన్న గుత్తుల్లో ఎక్కువగా ఉంటుంది. ఎండ ముదిరితే తగ్గిపోతుంది. ఉత్తర రోన్‌లో ఒకప్పుడు సిరా పండటమే కష్టం కాబట్టి ఎండ బాగా తగిలే ఏటవాలు చూసి నాటారు. కాయ నెమ్మదిగా పండేది, ఘాటు నిలిచేది. 2003లో యూరప్‌ను వడగాలులు కుదిపేసినప్పుడు అక్కడ ఆగస్టులోనే కోతలు మొదలయ్యాయి. అలాంటి వేసవులు ఇప్పుడు తరచూ వస్తున్నాయి. దాంతో గుత్తుల చుట్టూ ఆకుల్ని తుంచకుండా వదిలేస్తున్నారు కొందరు రైతులు.

ఎండ కోసం కొండెక్కించిన తీగకే ఇప్పుడు నీడ వెతకాల్సి వస్తోంది!