సంతకం మనది, పెత్తనం ఎవరిది?

“ఒక్క సంతకమే కదమ్మా! పిల్లల్ని వదిలి ఆఫీసుల చుట్టూ నువ్వెక్కడ తిరుగుతావు? అన్నీ నేను చూసుకుంటాగా!”

పొలం పంపకాలప్పుడు ఆడపిల్ల వినే మాట ఇది. అన్న అంటాడు, లేదా భర్త అంటాడు. ఆమె సంతకం పెడుతుంది. ఆ కాగితం పేరు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. కొంతకాలానికి పొలం అమ్ముడైపోయిందని ఊళ్ళోవాళ్ళు చెప్తే ఆమెకు తెలుస్తుంది.

ఆ వాటా ఊరికే రాలేదు. 1986లో ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కునిచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిన వాళ్ళను వదిలేసింది. 2005లో కేంద్ర సవరణ ఆ అడ్డు తొలగించింది. ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టంలో హక్కు కాదనలేని వాళ్ళు ఇప్పుడు కాగితం మీద లాక్కుంటున్నారు.

చట్టం చెప్పేది వేరు. పెళ్ళయిన స్త్రీ తన తరఫున ఎవరినైనా నియమించుకోవచ్చని 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టమే అంటోంది. భర్త అనుమతి అక్కర్లేదు. పవర్ పుచ్చుకున్నవాడు యజమాని కాదు, ఏజెంటు. అడిగినప్పుడు లెక్క చెప్పాలని కాంట్రాక్టు చట్టం అతన్ని ఆదేశిస్తోంది. వట్టి పవర్ పత్రంతో ఆస్తి చేతులు మారదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ అందులో అమ్మే అధికారం రాసి ఉంటే, దాన్ని చూపించి అతను మన తరఫున సేల్ డీడ్ రిజిస్టరు చేయించగలడు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

“తోడబుట్టినవాణ్ణి నమ్మకపోతే ఎలా?” అంటారు. నమ్మకమే ఉంటే లెక్క అడగ్గానే కోపమెందుకు? కాగితం చదివి వినిపించడానికి అంత తొందరెందుకు? వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరన్న భయంతో తీసుకున్న సంతకాన్ని నమ్మకం అనలేం.

పవర్ పత్రమే వద్దని మేం అనడం లేదు. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో పని చేసే స్త్రీకి, మంచం దిగలేని ముసలమ్మకు అది అవసరమే. నడవలేని మనిషి విషయంలో రిజిస్ట్రారే ఇంటికి వచ్చి విచారించే వీలు చట్టంలో ఉంది. ఎలా రాయించుకోవాలన్నదే ప్రశ్న.

ఒక పనికి ఒకే పవర్ ఇవ్వాలి. శిస్తు కట్టడానికైతే అంతవరకే, కోర్టు కేసుకైతే అంతవరకే. సర్వే నంబరు, విస్తీర్ణం, గడువు రాయించాలి. అమ్మకం, తాకట్టు, గిఫ్టు అధికారాలు లేవని స్పష్టంగా ఉండాలి. అమ్మే అధికారం ఇవ్వక తప్పకపోతే డబ్బు తన బ్యాంకు ఖాతాలోనే పడాలని రాయించాలి. ముట్టని డబ్బు ముట్టినట్టు రాస్తే ఒప్పుకోకూడదు. ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత హితం ఉందని తేలితే పవర్ రద్దు చేయడం కష్టమవుతుంది. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయనే కూడదు. నకలు తన దగ్గరే ఉంచుకోవాలి.

రద్దు చేయాలనుకుంటే మాటతో సరిపెట్టకూడదు. పవర్ రిజిస్టరయి ఉంటే రద్దు పత్రం కూడా రిజిస్టరు చేయించాలి. ఏజెంటుకు, కౌలుదారుకు, కొనబోయేవాడికి నోటీసు పంపాలి. రద్దు సంగతి తెలియని మూడోవాడి విషయంలో, అతనికి తెలిసేదాకా అది చెల్లదు.

ఆస్తి హక్కు గురించి మనం ఎన్నో సభలు పెట్టాం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల దాకా ఎంతమంది స్త్రీలకు తోడు వెళ్ళాం? బంధువుల్ని బయట ఉంచి, ఆమెకు ఒంటరిగా, ఆమెకు తెలిసిన తెలుగులో కాగితం చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలని ప్రతి ఆఫీసులోనూ పట్టుబడదాం. చదవని కాగితం మీద సంతకం పెట్టనని చెప్పే ధైర్యం ఆమెకు రావాలంటే, ఆ పూట ఆమె పక్కన మనం నిలబడాలి.