పొట్లం పిండికి గుప్పెడు మినపప్పు

మా పమిడిముక్కల ప్రాంతంలో వరి కోతకు ముందే, చేలో తడి ఆరకముందే మినుములు చల్లుతారు. కోత అయ్యాక ఆ మిగిలిన తేమతోనే పైరు ఎదుగుతుంది. ఇంటి మినుములతో అట్లు పోసుకోవడం ఇక్కడ తరతరాల అలవాటు. అటువంటి ఊళ్ళో నేను దుకాణం నుండి దోసెల పొడి పొట్లం తెచ్చిననాడు మా అత్తగారు ఏమీ అనలేదు. ఒక అట్టు సగం తిని పళ్ళెం పక్కకు జరిపారు. మరునాడూ అంతే.

"ఉప్పు చాలలేదా అమ్మీ?" అని అడిగాను.

"ఉప్పు సరిపోయిందమ్మా. పులుపు ఉంది గాని, పులిసిన రుచి లేదు" అన్నారు.

ఆమె మాటలో శాస్త్రం ఉంది. రుబ్బిన పిండిలో రాత్రంతా సూక్ష్మజీవులు పెరిగి పులుపునూ, కమ్మని వాసననూ, పొంగునూ ఇస్తాయి. పొట్లం పొడికి అంత వ్యవధి ఉండదు. అందుకే చాలా పొడులలో వంటసోడా, సిట్రిక్ ఆమ్లం కలుపుతారు. పొంగు వస్తుంది గాని ఆ వాసన రాదు.

సోదరీమణులారా! బజారు పిండి కొనడం తప్పేమీ కాదు. వయనాడ్‌కు చెందిన పి.సి. ముస్తఫా తన బంధు సోదరులతో కలిసి 2005లో బెంగళూరులో ప్రారంభించిన ఐడీ ఫ్రెష్ సంస్థ ఇడ్లీ, దోసెల పిండితోనే ఎదిగింది. అటువంటి తడి పిండిని పోయడానికి కొంత ముందుగా ఫ్రిజ్ నుండి తీసి ఉంచితే చాలు. పొడి పిండికే కొంత శ్రమ అవసరం.

పావు కిలో పొడికి అర కప్పు మినపప్పు, అర చెంచా మెంతులు నాలుగు గంటలు నానబెట్టండి. చివరిలో గుప్పెడు అటుకులు తడిపి కలిపి, మెత్తగా రుబ్బి, రాత్రంతా మూతపెట్టి ఉంచండి. చలికాలంలో గిన్నెను పొయ్యి దగ్గర వెచ్చని చోట పెట్టండి. పొట్లం పొడిని మాత్రం రాత్రే కలపకూడదు. తెల్లవారేసరికి అందులోని సోడా పొంగు అణగిపోతుంది. ఉదయం పొడిని నీళ్ళతో ఉండలు లేకుండా కలిపి, పులిసిన పిండిలో చేర్చి, పావుగంట ఆగండి. పొడిలో ఉప్పు ఉంటుంది కనుక రుచి చూశాకే వేయండి. ఇనుప పెనం బాగా కాలాక సగానికి కోసిన ఉల్లిపాయతో రుద్ది, మధ్యస్థమైన మంటపై అట్టు పోయండి. రమజాన్‌లో ఇఫ్తార్ తరువాత రుబ్బి ఉంచుకుంటే సహ్రీ వేళకు సిద్ధంగా ఉంటుంది.

ఈ పద్ధతి మొదలైన నాటి నుండి మధ్యాహ్నం మినపప్పు కొలిచి నానబోసే పని అత్తగారు తీసుకున్నారు. నేను ఉద్యోగం నుండి వచ్చేసరికి పప్పు కడిగి సిద్ధంగా ఉంటుంది. పొట్లం వచ్చాక పొయ్యి దగ్గర తన అవసరం తీరిపోయిందని ఆమె ఎంత బాధపడ్డారో నాకు అప్పుడు అర్థమైంది. నా సమయం మిగిలిందని సంతోషించానే గాని, ఆమె చేతిలోని పనిని తీసేశానని గ్రహించలేదు.

ఇప్పుడు ఆమె రెండట్లు తింటున్నారు. మూడవది వేయబోతే "చాలమ్మా, నువ్వు తిను" అంటున్నారు.