పాడని ప్రొఫెసరు

"వీరు యూనివర్సిటీలో సంగీతం ప్రొఫెసరండీ" అని ఎవరినైనా పరిచయం చేసి చూడండి. మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట "ఏదీ, ఓ కీర్తన అందుకోండి!" అని. ఫిజిక్సు ప్రొఫెసరుని అణుబాంబు చేసి చూపించమని ఎవరూ అడగరు. చరిత్ర ప్రొఫెసరుని కత్తి పట్టుకుని పానిపట్టు యుద్ధం చేయమనరు. సంగీతం వాళ్ళకు మాత్రం, పాపం, ఆ మర్యాద లేదు. "నేను పాడనండీ, సంగీత చరిత్ర చెబుతాను" అన్నారో, ఇక చూడండి ఎదుటివాళ్ళ మొహాలు! పెళ్ళి విందులో పప్పు లేదని తెలిసినట్టు అయిపోతాయి. "పాడకపోతే మరి జీతం ఎందుకిస్తున్నట్టో!" అని పక్కకి తిరిగి గొణిగేవాళ్ళూ వున్నారు.

ఎందుకిస్తారో నేను చెబుతాను వినండి.

శనివారం పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, వంటింట్లోకి వెళ్తూ అన్నమయ్య పాటలు పెట్టుకుంటాం కదా, ఆ వరసలు ఎవరివి? "ఇంకెవరివి, అన్నమయ్యవే" అంటారు. కావు. అన్నమాచార్యులు 1503లో వెళ్ళిపోయారు. ఆయన పాటలు రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఓ అరలో దాచారు. శతాబ్దాల తరబడి వాటిని చూసే దిక్కు లేదు. 1922 ప్రాంతంలో అవి వెలుగులోకి వచ్చాయి. రేకుల మీద రాగం పేరైతే వుంది గానీ, పాటకు స్వరం లేదు. అంటే మాట మిగిలింది, వరస పోయింది. ఇవాళ మనం విని కళ్ళు తుడుచుకునే వరసలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారూ, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారూ, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారూ, వారిలాంటి మరికొందరూ కట్టినవి. ఇరవయ్యో శతాబ్దపు సంగీతాన్ని పదిహేనో శతాబ్దపుదని నమ్మి దణ్ణం పెడుతున్నాం. భక్తికి లోటేమీ లేదు, పెట్టుకోండి. కానీ ఏది ఎప్పటిదో చెప్పే మనిషి ఒకరు అక్కర్లేదూ?

ఆ రాళ్ళపల్లి వారి ఉద్యోగమేమిటో తెలుసునా? సంగీతం కాదు. 1893లో అనంతపురం జిల్లాలో పుట్టి, 1912లో మైసూరు మహారాజా కాలేజీలో చేరి, ముప్ఫై ఎనిమిదేళ్ళ పాటు తెలుగు పాఠాలు చెప్పారు. జీతం వ్యాకరణానికీ ప్రబంధాలకీ. సంగీతం సొంత ఖర్చు మీద. పింఛను పుచ్చుకున్న తర్వాత తిరుపతి వచ్చి ఆ రాగి రేకులు ముందేసుకుని కూర్చున్నారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారు సంగీత కళానిధి అన్నారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటింది. 1979 మార్చి 11న, దేవస్థానం వారి ఆస్థాన విద్వాంసుడి సత్కారం అందిన రోజునే కన్నుమూశారు. మన దగ్గర గౌరవాలన్నీ అంతేనండీ, అంబులెన్సుతో పోటీ పడి వస్తాయి.

ఆయనొక్కరే కాదు. క్షేత్రయ్య పదాలను సంపాదించి అచ్చు వేయించిన విస్సా అప్పారావు గారు భౌతికశాస్త్రం చెప్పే ఆచార్యులు. "ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము" రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న బాలాంత్రపు రజనీకాంతరావు గారు రేడియోలో ఉద్యోగి. చూశారా వరస! తెలుగువాళ్ళ సంగీత చరిత్రను ఓ తెలుగు మేష్టారూ, ఓ ఫిజిక్సు మేష్టారూ, ఓ రేడియో ఆయనా రాశారు. ఆఫీసు అయ్యాక, పిల్లలు పడుకున్నాక రాశారు. వారికి నా నమస్కారం. కానీ మన విశ్వవిద్యాలయాలు ఏం చేస్తున్నట్టు?

"జీతాలు లేకుండానే అంత పని జరిగింది కదా, ఇప్పుడు ప్రత్యేకంగా కుర్చీ ఎందుకూ?" అని ఓ పెద్దమనిషి నాతో వాదించారు. ఇల్లాలు జీతం లేకుండానే వండుతోంది కదా అన్నట్టుంది ఆ వాదన! కుర్చీ వుంటే శిష్యులుంటారు. సరదా కొద్దీ చేసిన పనికి శిష్యులుండరు. ఆయన పోయిన నాడు ఆ బీరువా తాళంచెవి ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు. మద్రాసు విశ్వవిద్యాలయం 1932లోనే సంగీత శాఖ పెట్టింది. జర్మనీలో చదువుకొచ్చిన పి. సాంబమూర్తి గారు అక్కడ సంగీత శాస్త్రం చెబుతూ పుస్తకాల మీద పుస్తకాలు రాశారు. పరీక్షలకు మన పిల్లలు ఇప్పటికీ ఆ పుస్తకాలే తిరగేస్తారు. మన దగ్గర సంగీత శాఖలు లేవని కాదు, వున్నాయి. కానీ అక్కడ చరిత్ర అంటే ఒక పేపరు. త్యాగరాజు ఎప్పుడు పుట్టాడు, ఎన్ని కీర్తనలు రాశాడు, గురువెవరు? బట్టీ పట్టి రాసేసి, పరీక్ష హాలు గుమ్మం దాటగానే మరచిపోయే పేపరు.

ఇక ఉస్మానియా సంగతికి వద్దాం. తార్నాకలో వుండేవాళ్ళకు ఆర్ట్స్ కాలేజీ భవనం పెరటి జామచెట్టంత చనువు. 1939లో కట్టిన ఆ రాతి మేడ ముందు ఫోటో దిగని పెళ్ళిజంట లేదు. ఆ నేల ఎవరిదో అడగండి, "నిజాం గారిది" అంటారు. నిజానికి అడిక్‌మెట్ ఒకప్పుడు ఓ పాటగత్తె జాగీరు. పేరు మహలఖా బాయి చందా. 1768లో పుట్టి 1824లో పోయింది. నిజాం దర్బారులో పాడింది, ఆడింది, ఉర్దూలో గజళ్ళు చెప్పింది, యుద్ధయాత్రలకు కూడా వెంట వెళ్ళింది. తార్నాక నుంచి లాలాపేట మీదుగా మౌలాలి వెళ్తే, గుట్ట కింద ఆవిడ సమాధి వుంది. తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం 1792లో తనే కట్టించుకున్న తోటలో, తల్లి పక్కనే పడుకుంది.

ఉర్దూలో దివాన్ కూర్చిన మొదటి స్త్రీ ఆవిడేనని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత, కాదు, అంతకు కొంచెం ముందే లుత్ఫున్నీసా ఇంతియాజ్ అని ఇంకో హైదరాబాదు ఆవిడ కూర్చిందని తేల్చారు. ఇదిగో, ఇలా తేల్చడమే చరిత్రకారుల పని. పాడితే తేలేది కాదు.

మహలఖా తన దివాన్ ప్రతి ఒకటి 1799లో జాన్ మాల్కం అనే ఇంగ్లీషు దొరకు కానుకగా ఇచ్చింది. అది లండను చేరింది. ఆవిడ గురించీ, ఆవిడ గురువు ఖుష్‌హాల్ ఖాన్ గురించీ చక్కటి అధ్యాయం రాసిందెవరంటే లండను కింగ్స్ కాలేజీలో సంగీత చరిత్ర చెప్పే కాథరీన్ బట్లర్ స్కోఫీల్డ్ గారు. 2023లో అచ్చయిన పుస్తకమది. మౌలాలి సమాధిని 2010-11లో బాగు చేయించింది అమెరికా వాళ్ళ నిధి. గోదావరి జిల్లాల కలవంతుల ఇళ్ళకు వెళ్ళి, వృద్ధులైన ఆ గాయనుల దగ్గర కూర్చుని, వాళ్ళ పాటలు విని, 2012లో పుస్తకం వేసింది దవేష్ సోనేజీ, ఆయనా విదేశీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడే. వాళ్ళు మంచిపనే చేశారు, నాకు కడుపుమంట లేదు. కానీ మన అమ్మమ్మ నగల పెట్టెలో ఏముందో సముద్రాలు దాటొచ్చినవాళ్ళు చెబితే గానీ మనకి తెలియకపోవడం బాగుందా?

ఆ మాటకొస్తే, మొదట ఈ చరిత్రను కాపాడింది ఆడవాళ్ళే. మహలఖా పండితులను పోషించి దక్కన్ చరిత్ర రాయించింది. బెంగుళూరు నాగరత్నమ్మ గారి సంగతి చూడండి. ముద్దుపళని "రాధికా సాంత్వనము" అచ్చుప్రతి చదివి, ఇందులో ఏదో తగ్గిందని అనుమానించి, రాతప్రతి సంపాదించి, రెండూ పోల్చి చూసి, 1910లో మళ్ళీ అచ్చు వేయించింది. వీరేశలింగం పంతులు గారంతటివారు ముద్దుపళనిని తిడితే, పీఠికలో నిలబడి జవాబు చెప్పింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు గారు నిషేధం ఎత్తేసేదాకా ఆ గొడవ తెగలేదు. తిరువయ్యూరులో తుప్పల్లో పడివున్న త్యాగరాజు సమాధికి తన డబ్బుతో గుడి కట్టించిందీ ఆవిడే. అక్కడ ఆడవాళ్ళను పాడనివ్వకపోతే 1927లో ఆడవాళ్ళకు వేరే ఉత్సవం పెట్టింది. అనుమానించడం, వెతకడం, పోల్చడం, ఎదిరించి రాయడం... ఇదే ప్రొఫెసరు పని కాకపోతే మరేమిటి? డాక్టరేటు లేదు, అంతే తేడా. "సాని" అన్న ఒక్క మాటతో ఆవిడను తక్కువ చేసినవాళ్ళు, ఆవిడ కట్టించిన గుడి ముందే కూర్చుని పంచరత్నాలు పాడారు.

మనం మాత్రం మన పిల్లకు సంగీతం దేనికి చెప్పిస్తున్నాం? ఒకప్పుడు పెళ్ళిచూపుల్లో పాడడానికి. ఇప్పుడు టీవీ పోటీలో పాడడానికి. పిల్ల "నేను పాడను, పాట ఎక్కడినుంచి వచ్చిందో చదువుతాను" అందనుకోండి, తల్లి గుండె జారిపోతుంది. ఉద్యోగమెక్కడ, సంబంధమెక్కడ అని. ఆ భయం తప్పని నేననను. పోస్టులు ఖాళీగా వుంచి, ఏళ్ళ తరబడి తాత్కాలిక మేష్టర్లతో పాఠాలు చెప్పించే చోట ఏ తల్లి ధైర్యం చేస్తుంది? అందుకే అడగాల్సింది పిల్లను కాదు, ప్రభుత్వాన్ని. ఊరికో విశ్వవిద్యాలయం ప్రకటించేవారు, సంగీత చరిత్రకు ఒక్క ఆచార్యుణ్ణి, ఇద్దరు పరిశోధకులను, ఓ రికార్డింగు గదిని ఇవ్వలేరా? తెలుగుతో పాటు పార్శీ, ఉర్దూ నేర్పించలేరా? ఆ భాషలు రాకపోతే మౌలాలి శాసనం చదవడానికి కూడా లండను నుంచే మనిషి రావాలి.

అంతదాకా మనింట్లో పని ఒకటుంది. అమ్మ చేతిరాత మంగళహారతుల నోటుబుక్కు, అట్ట ఊడిపోయి, నూనె మరకలతో ఏ అటకమీదో వుంటుంది. పాతకాగితాలవాడికి వేయకండి. మొదటి పేజీలో ఆవిడ పేరు, ఊరు, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆవిణ్ణే అడిగి రాసి పెట్టండి. కళ్ళు కనబడకపోయినా వరస గుర్తున్నవాళ్ళు ఇంకా వున్నారు. ఈ దసరా సెలవుల్లోనే అడగండి.