లూపిన్ విత్తనాలు నా దగ్గర ఎందుకు లేవంటే



"తమ్ముడూ, లూపిన్ విత్తనాలు పంపిస్తావా?" ఈ సీజన్‌లో నాకు ఎక్కువగా వచ్చిన మెసేజ్ ఇదే. జనుము, జీలుగ, పిల్లిపెసర అడిగేవాళ్లు ఆ తర్వాతే. ఎవరో పెట్టిన వీడియోలో నీలం పూల పొలం, దాని కింద "నత్రజని ఫ్యాక్టరీ" అని రాత. అది పప్పుజాతి మొక్కే కాబట్టి నత్రజని మాట అబద్ధం కాదు. కానీ మిగతా సంగతులు చెప్పలేదు.

పైన పెట్టిన వీడియో మా అక్క తీసింది. వాళ్లు అమెరికాలో మిషిగన్‌లో ఉంటారు. అందులో కనిపించేది అక్కడి అడవి లూపిన్, శాస్త్రీయ నామం లూపినస్ పెరెన్నిస్. గింజ పెంకు గట్టిది. గరుకు కాగితంతో కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి వేసవి రాకముందే వేయాలి. లేదంటే అక్టోబరు, నవంబరులో నేరుగా నేలలో వేసేస్తే అక్కడి చలే ఆ పని చేసిపెడుతుంది. లోతు అర సెంటీమీటరు చాలు. ఇసుక నేల కావాలి, ఎండ కావాలి, నీళ్లు నిలవకూడదు. ఎరువు వద్దే వద్దు, నేల బలంగా ఉంటే గడ్డి పెరిగి దీన్ని కప్పేస్తుంది. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి నారు పోసి నాటితే బతకడం కష్టం. అక్క కుండీల్లోంచి తీసి నాటినవన్నీ పోయాయి, నేరుగా విత్తినవే నిలిచాయి. పువ్వు రెండో ఏడాదో మూడో ఏడాదో వస్తుంది. మనం జీలుగని 45 రోజులకే దున్నేస్తాం కదా, లెక్క మీరే వేసుకోండి.

నేనూ ఆశపడ్డవాడినే. రెండేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒక ప్యాకెట్ కొని మా ఎర్రనేలలో నవంబరులో వేశా. మొలిచాయి, జనవరి దాకా బాగానే ఉన్నాయి, ఫిబ్రవరి ఎండకి మాడిపోయాయి. పీకి చూస్తే వేళ్లకి ఒక్క బుడిపె లేదు! డిప్లొమాలో చదివిందే, మర్చిపోయా: పెసర, మినుముకి కలిపే రైజోబియం గ్రూపు వేరు, లూపిన్ గ్రూపు వేరు. ఆ బ్యాక్టీరియా లేకపోతే నత్రజని ఎక్కడిది? పైగా గింజల్లో చేదు ఆల్కలాయిడ్లు ఉంటాయి, పశువులకి మంచిది కాదు.

అలాగని పనికిరాని మొక్క అనను. కార్నర్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుక ఉంది, దాని గొంగళిపురుగు ఈ అడవి లూపిన్ ఆకు తప్ప ఇంకోటి తినదు. అడవి మంటలు ఆపేశాక చెట్ల నీడ పెరిగి లూపిన్ తగ్గింది, దాంతో అదీ తగ్గింది. 1992లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోతున్న జాబితాలో చేర్చింది. అందుకే ఆ వైపు ఉండే మనవాళ్లకి చెప్పేదేంటంటే, నర్సరీలో లూపిన్ అని అడిగితే చాలాసార్లు పడమటి జాతి తోట రకం ఇస్తారు. పెరెన్నిస్ అని అడిగి తీసుకోండి.

ఐస్‌లాండ్‌లో 1945లో అలాస్కా నుంచి ఇంకో లూపిన్ తెచ్చారు, కొట్టుకుపోతున్న నేలని నిలబెట్టడానికి. నేల నిలబడింది. కానీ అది అక్కడి చిన్న చిన్న మొక్కల్ని కప్పేసింది, ఇప్పుడు అదుపు చేయడానికి తంటాలు పడుతున్నారు. మన ఎండకి అంత భయం లేదులెండి. అయినా వయ్యారిభామని చూశాక కొత్త విత్తనమంటే నాకు గుండె దడే.

మరి మనకేది? వెంపలి. గట్ల మీద, బీడుల్లో ఊదారంగు పూలతో ఉంటుంది, రోజూ తొక్కుకుంటూ పోతాం. అదీ పప్పుజాతే, బెట్టకి తట్టుకుంటుంది, పశువులు పెద్దగా ముట్టవు. వరి కోతల తర్వాత చల్లుకోవచ్చు. దీని గింజ పెంకూ గట్టిదే, ఇసుకతో కలిపి రుద్దితే మొలక బాగుంటుంది. కాయలు ఎండి పగలకముందే కోసి పెట్టుకోండి. దీన్ని నేను అమ్మను, అడగకండి. రుద్దే పద్ధతి వచ్చే వీడియోలో చూపిస్తా.